ఒకే గులాబి - రెండు పరిమళాలు

గులాబి వాసన ఎరుగనివారు మన దేశంలో అరుదు. పెండ్లి పందిట్లో పన్నీరు చల్లించుకొన్న పసివాడు కూడ కళ్ళు మూసుకొని దానిని గుర్తుపట్టగలడు. అయినా "అసలైన గులాబి పరిమళం ఏది?" అని అడిగితే, జీవితమంతా సుగంధ ద్రవ్యాల మధ్య గడిపిన నిపుణుడు వెంటనే సమాధానం చెప్పడు. ఎందుకంటే సుగంధ పరిశ్రమలో గులాబి నుండి తీసే ముఖ్యమైన సారాలు రెండున్నాయి. రెండూ నిజమైన పువ్వుల నుండి తీసినవే. అయినా వాటి రంగు వేరు, చిక్కదనం వేరు, వాసన వేరు.

మొదటిది ఆవిరి ద్వారా తీసిన గులాబి తైలం. మన అత్తరు అనే మాట ఐరోపావారి నోళ్ళలో నలిగి "ఓటో" అయింది; ఈ తైలాన్ని అక్కడ ఆ పేరుతోనే అమ్ముతారు. ఇది లేత పసుపు రంగులో పలచగా ఉంటుంది. చలికాలపు ఉదయాన చూస్తే సీసాలో మెరిసే పలుకులు కట్టి ఉంటుంది. దీని వాసన చురుకైనది. అందులో కొంచెం లవంగపు ఘాటు, కొంచెం పచ్చి ఆకు వాసన తగులుతాయి. రెండవది ద్రావణి సహాయంతో తీసిన సారం. దీనికి "అబ్సల్యూట్" అని పేరు. ఇది ఎర్రని నారింజ రంగులో చిక్కగా ఉంటుంది. దీని వాసన మెత్తగా, తేనె కలిసినట్లు, వెచ్చగా ఉంటుంది. కాగితంపై వేసిన చుక్క చాలసేపు నిలుస్తుంది.

ఈ రెండింటిలో దేనిని ఎన్నుకోవలె? పరిమళాలు కూర్చేవారి ముందు వంద సంవత్సరాలకు పైగా ఉన్న ప్రశ్న ఇది. దీనికి సమాధానం ముక్కు ఒక్కటే చెప్పజాలదు. పువ్వు నుండి వాసనను మనిషి ఏయే విధాలుగా విడదీశాడో, విడదీసేటప్పుడు ఏది చేతికి వచ్చిందో, ఏది జారిపోయిందో తెలిస్తే గాని ఆ ఎంపికకు అర్థం ఉండదు. అందుచేత ముందు ఆ చరిత్రను పరిశీలించవలసి ఉన్నది.

రెండు గులాబి మొక్కలు

తోటలలో వేలకొలది గులాబి రకాలున్నా, సుగంధ పరిశ్రమ ముఖ్యంగా రెండింటిపైన ఆధారపడుతున్నది. ఒకటి డమాస్క్ గులాబి. సిరియా దేశపు రాజధాని డమాస్కస్ పేరు మీద దీనికి ఆ పేరు వచ్చింది. ఇది ఒక సంకర జాతి. 2000లో జపాన్ శాస్త్రజ్ఞులు జన్యు పరిశీలన చేసి, దీని పుట్టుకలో మూడు జాతుల పాత్ర ఉన్నదని నిరూపించారు. అవి గాలికా గులాబి, కస్తూరి గులాబి, మధ్య ఆసియాలో పెరిగే ఫెడ్చెంకో గులాబి.

రెండవది సెంటిఫోలియా. ఈ లాటిన్ మాటకు "నూరు రేకులు గలది" అని అర్థం. మన వైద్య గ్రంథాలలో గులాబికి గల "శతపత్రి" అనే పేరుకు కూడ ఇంచుమించు అదే అర్థం కావడం విశేషం. దక్షిణ ఫ్రాన్సులోని గ్రాస్ ప్రాంతంలో ఇది మే నెలలో పూస్తుంది. అందువలన అక్కడివారు దీనిని "మే గులాబి" అని పిలుస్తారు.

సాధారణంగా డమాస్క్ గులాబిని ఆవిరిపట్టి తైలం తీస్తారు. సెంటిఫోలియా నుండి ద్రావణితో అబ్సల్యూట్ తీస్తారు. కనుక పై రెండు సారాల భేదం మొక్కల భేదమేనని తోచవచ్చు. అందులో కొంత నిజమున్నది. కాని డమాస్క్ పువ్వులనే రెండు భాగాలు చేసి, ఒక భాగాన్ని ఆవిరిపట్టి, రెండవ భాగాన్ని ద్రావణిలో నానబెడితే, వచ్చే సారాలు అప్పుడు కూడ వేరువేరుగానే ఉంటాయి. అంటే భేదానికి పెద్ద కారణం మొక్కలో కాదు, పద్ధతిలో ఉన్నదన్నమాట.

పన్నీటిపై తేలిన తెట్టు

పువ్వును నీటితో కాచి, వచ్చిన ఆవిరిని చల్లబరచి, పరిమళజలం పట్టే విద్య చాల పాతది. తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదులో నివసించిన అల్ కిందీ అనే పండితుడు పరిమళాల తయారీని, స్వేదన విధానాలను గురించి ఒక గ్రంథమే వ్రాశాడు. పారశీక దేశంలోని ఫార్స్ ప్రాంతం నుండి బాగ్దాదు ఖలీఫా ఖజానాకు ఏటా 30,000 సీసాల పన్నీరు కప్పంగా చెల్లించేవారని చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ వ్రాశాడు. ఆ కాలంలో కోరదగిన వస్తువు పన్నీరే. దానిపైన అతి స్వల్పంగా తేలే నూనెపై ఎవరి దృష్టీ అంతగా పడలేదు.

ఆ నూనె విలువను గుర్తించిన వైనం మన దేశ చరిత్రలో స్పష్టంగా నమోదైంది. మొగలు చక్రవర్తి జహంగీరు తన స్వీయచరిత్రలో 1614 ప్రాంతపు సంగతులు చెబుతూ, నూర్జహాను తల్లి అస్మత్ బేగం పన్నీరు తయారు చేయిస్తుండగా, వేడి పన్నీటిని పోసిన పళ్ళెములలో పైన ఒక తెట్టు కట్టడం చూచిందని వ్రాశాడు. ఆమె దానిని కొంచెం కొంచెంగా పోగుచేయించింది. అరచేతికి ఒక్క చుక్క రాసుకొంటే సభ అంతా గుబాళించిందట. చక్రవర్తి సంతోషించి ఆమెకు ముత్యాలహారం బహూకరించాడు. సలీమా సుల్తాన్ బేగం ఆ తైలానికి "ఇత్రె జహంగీరీ" అని పేరు పెట్టింది. ఈ ఘనతను నూర్జహానుకే అంటగట్టే కథలు తరువాత పుట్టాయి; చక్రవర్తి మాత్రం అది ఆమె తల్లిదేనని స్పష్టంగా చెప్పాడు. ఐరోపాలో కొందరు 16వ శతాబ్దంలోనే ఈ నూనెను గమనించకపోలేదు. కాని దానిని ప్రత్యేకంగా తీసి వాడుకొనే ఆచారానికి మొగలు దర్బారు ఇచ్చిన ప్రతిష్ఠ పెద్దది.

శాస్త్రదృష్టితో చూస్తే అస్మత్ బేగం చేసినది ఒక ముఖ్యమైన విభజన. నీటిలో కరగనిది పైకి తేలింది. కరిగినది క్రింద ఉండిపోయింది. తేలినదానిని ఆమె తీసుకొన్నది. ఇక అప్పటి నుండి గులాబి సారమంటే తేలే నూనెయే అన్న అభిప్రాయం పాదుకొన్నది. క్రింద మిగిలిన నీటిలో ఏముందో తెలియడానికి ఇంచుమించు మూడు శతాబ్దాలు పట్టింది.

1788లో వెలువడిన "ఏసియాటిక్ రిసెర్చెస్" మొదటి సంపుటంలో కల్నల్ పోలియర్ అనే అతడు మన దేశంలో గులాబి అత్తరు తీసే పద్ధతిని వర్ణించాడు. బట్టీపట్టిన పన్నీటిని వెడల్పాటి పాత్రలలో పోసి, రాత్రంతా చల్లగాలిలో ఉంచి, తెల్లవారి పైన గడ్డకట్టిన నూనెను జాగ్రత్తగా తీసేవారు. ఉత్తర ప్రదేశ్‌లోని ఘాజీపూరు ఒకప్పుడు ఈ పరిశ్రమకు పేరుపొందింది. కన్నౌజులో అత్తరు తయారీ ఈనాటికీ సాగుతున్నది. అక్కడ "దేగ్" అనే రాగి డేగిసాలో పూలు, నీరు పోసి, మూత చుట్టూ బంకమట్టి మెత్తి, సన్నని మంటపై కాస్తారు. ఆవిరి వెదురు గొట్టం గుండా "భప్కా" అనే పాత్రలోకి పోతుంది. ఆ పాత్ర నీళ్ళ తొట్టిలో మునిగి ఉంటుంది. దానిలో ముందుగానే మంచిగంధపు నూనె పోసి ఉంచుతారు. చల్లబడిన ఆవిరిలోని పరిమళాన్ని ఆ గంధపు నూనె పట్టి ఉంచుతుంది. 2014లో కన్నౌజు అత్తరుకు భౌగోళిక గుర్తింపు లభించింది.

కజన్లక్ లోయ

పదిహేడవ శతాబ్దం తరువాత గులాబి తైలానికి అతి పెద్ద కేంద్రంగా ఎదిగినది బల్గేరియాలోని కజన్లక్ లోయ. అప్పుడది తురుష్క సామ్రాజ్యంలో భాగం. డమాస్క్ గులాబి అక్కడి నేలకు, వసంతపు తేమకు బాగా అలవాటుపడింది.

మే నెలలో మొదలై జూన్ మధ్యదాకా అక్కడ పూలకోత సాగుతుంది. తెల్లవారుజామున మంచు ఆరకముందే పూలు కోయవలె. ఎండ ఎక్కినకొద్దీ రేకులలోని నూనె తగ్గిపోతుంది. కోసిన పువ్వులను వెంటనే బట్టీకి చేర్చవలె. ఇంత శ్రమపడినా ఒక కిలోగ్రాము తైలానికి సుమారు 3,000 నుండి 4,000 కిలోగ్రాముల పువ్వులు కావలసివస్తాయి.

బల్గేరియా రైతులు ఒక ముఖ్యమైన మెలకువ కనిపెట్టారు. మొదటిసారి వచ్చిన పన్నీటిలో నూనె చాలవరకు సన్నని తుంపరలుగా చెదరి ఉంటుంది. వారు ఆ పన్నీటిని మళ్ళీ బట్టీపట్టేవారు. రెండవసారి వచ్చిన చిక్కని పన్నీటిని పొడవాటి మెడ గల సీసాలో నింపితే నూనె మెడలోకి తేలేది. అడుగున సన్నని రంధ్రం గల చిన్న గరిటెతో దానిని తీసేవారు. నీరు రంధ్రం గుండా కారిపోయేది, నూనె గరిటెలో నిలిచేది. ఇంత చేసినా నీటిలో పూర్తిగా కరిగినది మాత్రం నీటిలోనే ఉండిపోయేది.

గ్రాస్ పట్టణం

ఫ్రాన్సులోని గ్రాస్ మొదట తోళ్ళ పరిశ్రమకు నిలయం. తోలు చేతితొడుగులకు సువాసన పట్టించే పని నుండి అక్కడ పరిమళాల పరిశ్రమ పుట్టింది. గ్రాస్ వారు పువ్వుల వాసనను కొవ్వులోనికి ఎక్కించేవారు. మల్లె వంటి సుకుమారమైన పువ్వులను చల్లని కొవ్వుపై పరచేవారు. గులాబిని గోరువెచ్చని కొవ్వులో నానబెట్టేవారు. కొవ్వు పరిమళాన్ని పీల్చుకొన్న తరువాత దానిని ఆల్కహాలుతో కడిగి సారం తీసేవారు. నువ్వులను పూల పొరల మధ్య ఉంచి, వాసన పట్టిన తరువాత గానుగాడే మన ఉత్తరదేశపు "ఫులేల్" పద్ధతి కూడ ఇటువంటిదే. నూనె, కొవ్వు వాసనలను పట్టుకొంటాయన్న అనుభవం రెండు దేశాలవారికీ కలిగింది.

కొవ్వుకు బదులు త్వరగా ఆవిరయ్యే ద్రావణిని వాడితే ఎట్లా ఉంటుంది? 1835లో ఫ్రెంచి రసాయనజ్ఞుడు రోబికే ఈథరుతో పూల పరిమళం తీసి చూపాడు. ఆ పద్ధతి కర్మాగారం స్థాయికి రావడానికి అర్ధశతాబ్దికి పైగా పట్టింది. ఖరీదైన ద్రావణి గాలిలో కలిసిపోకుండ తిరిగి పట్టుకొనే పరికరాలు కావలసివచ్చాయి; నిప్పు భయం కూడ ఉండేది. 1890ల నాటికి గ్రాస్‌లో ఆ పద్ధతి నిలద్రొక్కుకొన్నది. మొదట పెట్రోలియం ఈథరు, బెంజీను వాడారు. బెంజీను ఆరోగ్యానికి హానికరమని తేలిన తరువాత దానిని విడిచిపెట్టారు. నేడు హెక్సేను వాడుక ఎక్కువ.

పువ్వులను ద్రావణిలో నానబెట్టి, ద్రావణిని తక్కువ వేడిలో ఆవిరి చేస్తే మైనంవంటి ముద్ద మిగులుతుంది. దానిని "కాంక్రీట్" అంటారు. సిమెంటు కాంక్రీటుకు దీనికీ సంబంధం లేదు. ఆ ముద్దను ఆల్కహాలులో కలిపి, బాగా చల్లబరచి వడపోస్తే మైనం విడిపోతుంది. ఆల్కహాలును కూడ తొలగిస్తే మిగిలేదే అబ్సల్యూట్. రేకులలోని రంగు పదార్థాలు కొన్ని వెంట వస్తాయి గనుక దానికి ఎర్రని ఛాయ ఉంటుంది. ఈ పద్ధతిలో సుమారు 700 కిలోగ్రాముల పువ్వులకే ఒక కిలోగ్రాము అబ్సల్యూట్ వస్తుంది. ఒకే బరువు పువ్వుల నుండి ద్రావణి నాలుగైదు రెట్లు ఎక్కువ సారం తీస్తున్నదంటే, ఆవిరి పద్ధతిలో ఏదో జారిపోతున్నదని అనుమానం రాక మానదు.

నీరు దాచుకొన్నది

ఆ అనుమానం తీర్చినది రసాయనశాస్త్రం. 1900లో జర్మన్ రసాయనజ్ఞులు గులాబిలో ఫినైల్ ఇథైల్ ఆల్కహాలు అనే పదార్థాన్ని కనుగొన్నారు. గులాబి రేకును నలిపినప్పుడు వచ్చే మెత్తని, తియ్యని వాసన చాలవరకు దీనిదే. గులాబి తైలంలో ఇది సాధారణంగా 1 నుండి 3 శాతమే ఉంటుంది. అబ్సల్యూట్‌లో సగానికి మించి, తరచు 60 శాతానికి పైగా ఉంటుంది.

ఇంత భేదానికి కారణం చాల సులభమైనది. ఫినైల్ ఇథైల్ ఆల్కహాలు నూరు మిల్లీలీటర్ల నీటిలో సుమారు 2 గ్రాములదాకా కరుగుతుంది. తైలంలో ముఖ్యమైన సిట్రొనెల్లాల్, జెరానియాల్ అనే పదార్థాలు అందులో పదవ వంతు కూడ కరగవు. బట్టీలో పువ్వుకంటె నీరు ఎన్నో రెట్లు ఎక్కువ. ఆవిరితో పాటు ఫినైల్ ఇథైల్ ఆల్కహాలు కొంత బయటికి వచ్చినా, చల్లబడగానే పన్నీటిలో కరిగిపోతుంది. మరికొంత బట్టీలోని నీటిలోనే మిగులుతుంది. కరగని సిట్రొనెల్లాల్, జెరానియాల్ నూనెగా తేలుతాయి. హెక్సేను పద్ధతిలో ఇట్లా దాచుకొనే నీరు ఉండదు.

పన్నీరు ముఖాన చిలకరించుకొన్నప్పుడు అది ఖరీదైన తైలంకంటె పువ్వుకు దగ్గరగా తోచడానికి కారణం ఇదే. తేలినదానికి ముత్యాలహారం దక్కింది. పువ్వు యొక్క మెత్తదనం పళ్ళెంలోని నీటిలో ఉండిపోయింది.

అట్లాగని అబ్సల్యూట్‌నే సంపూర్ణమైన గులాబి అనుకోవడం కూడ పొరపాటు. బట్టీ వేడిమిలో పువ్వులోని కొన్ని పదార్థాలు విరిగి క్రొత్త పరిమళ పదార్థాలుగా మారతాయి. రేకులలో చక్కెర అణువులతో ముడిపడి వాసన లేకుండ ఉన్నవి కొన్ని, వేడికి, పులుపుకు ఆ ముడి విడిపోయి బయటపడతాయి. గులాబి తైలానికి ఆ ప్రత్యేకమైన చురుకుదనం రావడానికి ఈ మార్పులు కూడ కారణం. తక్కువ వేడిలో తీసిన అబ్సల్యూట్‌లో అవి అంతగా జరగవు. ఒక పద్ధతి పువ్వులోనిది కొంత పోగొట్టి, పువ్వులో అంతగా లేనిది కొంత చేర్చుతున్నది. రెండవది పువ్వులోనిది ఎక్కువ నిలుపుకొన్నా, మైనపు శేషాలను, రంగును వెంట తెచ్చుకొంటున్నది.

బొంబాయి నుండి వెళ్ళిన కల్తీ

నిజమైన రెండు సారాల మధ్య ఎన్నుకోవడమే ఇంత చిక్కైతే, నిజానికి, నకిలీకి మధ్య ఎన్నుకోవడం మాట చెప్పనక్కరలేదు. పందొమ్మిదవ శతాబ్దంలో గులాబి తైలం కొనేవారిని వేధించిన సమస్య అదే. ఆ కథలో మన దేశానికి కూడ పాత్ర ఉన్నది.

మధ్య భారతంలోని నిమాడ్ మొదలైన ప్రాంతాల కొండవాలులలో రూసా గడ్డి పెరుగుతుంది. దీని నూనెకు పామరోసా అని పేరు. ఇది బొంబాయి రేవు నుండి ఎర్రసముద్రపు రేవులకు, అక్కడి నుండి కాన్‌స్టాంటినోపుల్ నగరానికి చేరేది. పుట్టినది మన దేశంలోనైనా ఐరోపా వ్యాపారులు దీనిని "తురుష్క జెరానియం నూనె" అని పిలిచేవారు. గులాబి తైలంలో దీనిని కలిపేవారు. మరింత గడుసువారు బట్టీ పెట్టకముందే పువ్వులపై చిలకరించేవారు. అప్పుడు రెండూ కలిసే ఆవిరై వచ్చేవి గనుక పట్టుకోవడం కష్టమయ్యేది.

గడ్డినూనె గులాబి నూనెలో అంతగా ఎందుకు ఇమిడిపోయింది? జెరానియాల్ అనే పదార్థం రెండింటిలోను ఉండడమే కారణం. 1871లో ఆస్కార్ యాకబ్‌సన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు జెరానియాల్‌ను మొదటిసారి వేరుచేసినది గులాబి నుండి కాదు, మన దేశపు ఈ గడ్డినూనె నుండే. మోసగాడు అనుభవంతో కనిపెట్టిన పోలికకు రసాయనశాస్త్రం తరువాత కారణం చూపించింది.

కొనేవారికి అప్పట్లో ఒక పరీక్ష ఉండేది. నిజమైన గులాబి తైలం సుమారు 20 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద పలుకులు కడుతుంది. దానిలో ఉండే వాసనలేని మైనపు హైడ్రోకార్బనులే దీనికి కారణం. గడ్డినూనె కలిస్తే గడ్డకట్టడం ఆలస్యమవుతుంది. కాని మోసగాళ్ళు తిమింగిలపు తలనుండి తీసే మైనాన్ని కలిపి ఆ పరీక్షను కూడ దాటించారు. ఇక్కడ ఒక వింత ఉన్నది. కొనేవారు నాణ్యతకు గుర్తుగా ఎంచుకొన్నది వాసన లేని భాగాన్ని! అదీగాక ఆ పరీక్ష చల్లని దేశాలకే తగినది. విజయవాడ ఎండలో ఎంత స్వచ్ఛమైన తైలమైనా గడ్డకట్టదు.

1952లో జేమ్స్, మార్టిన్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞులు గ్యాస్ క్రోమటోగ్రఫీ పద్ధతిని ప్రవేశపెట్టిన తరువాత పరిస్థితి మారింది. చుక్క తైలాన్ని వాయుప్రవాహంలో సన్నని గొట్టం గుండా పంపితే, దానిలోని పదార్థాలు ఒకదాని తరువాత ఒకటి వేరై బయటికి వస్తాయి. ఏది ఎంత ఉన్నదో గీతల రూపంలో నమోదవుతుంది. గులాబి తైలంలో ఏయే పదార్థాలు ఎంత మేరకు ఉండవచ్చునో తెలిపే అంతర్జాతీయ ప్రమాణం కూడ ఏర్పడింది.

పదివేలలో పద్నాలుగు

కొలతలు వచ్చాక మరొక ఆశ్చర్యం ఎదురైంది. సిట్రొనెల్లాల్, జెరానియాల్, ఫినైల్ ఇథైల్ ఆల్కహాలు మొదలైన పెద్ద భాగాలన్నీ సరైన పాళ్ళలో కలిపినా బల్గేరియా తైలపు వాసన రాలేదు. ఇంకేదో చాల స్వల్పంగా ఉన్నది, దానిలోనే ప్రాణమున్నది అని శాస్త్రజ్ఞులు గ్రహించారు. 1959లో గులాబి తైలం నుండి "రోజ్ ఆక్సైడ్" అనే పదార్థం బయటపడింది. 1970లో జెనీవాలోని ఫిర్మెనిష్ ప్రయోగశాలవారు "బీటా డమాసెనోన్" అనే మరొక పదార్థాన్ని ప్రకటించారు. డమాస్క్ గులాబి పేరు మీదనే దానికి ఆ పేరు వచ్చింది.

ఒక బల్గేరియా తైలపు విశ్లేషణలో సిట్రొనెల్లాల్ 38 శాతం, బీటా డమాసెనోన్ 0.14 శాతం ఉన్నట్లు తేలింది. అంటే పదివేల భాగాలలో పద్నాలుగు. కాని ముక్కు లెక్క వేరు. నీటిలో సిట్రొనెల్లాల్‌ను పసికట్టడానికి వందకోట్ల భాగాలకు 40 భాగాలు ఉండవలె. బీటా డమాసెనోన్‌కు 0.009 భాగం చాలును. విద్యార్థులు ఒక చిన్న లెక్క చేసి చూడవచ్చు. తైలంలోని శాతాన్ని ఈ కనీస మోతాదుతో భాగిస్తే, సిట్రొనెల్లాల్‌కు 38ని 40తో భాగించగా 0.95 వస్తుంది. బీటా డమాసెనోన్‌కు 0.14ను 0.009తో భాగించగా సుమారు 15.6 వస్తుంది. బరువులో 270 రెట్లు తక్కువగా ఉన్న పదార్థం, ముక్కు దృష్టిలో 16 రెట్లు ఎక్కువ బలం గలదన్నమాట!

ఈ లెక్కకు కూడ ఒక హద్దున్నది. వాసనను మొదట ఏది పసికట్టిస్తుందో అది చెబుతుంది. వాసన మెత్తగా ఉన్నదా, ఘాటుగా ఉన్నదా అనే సంగతి చెప్పదు. అబ్సల్యూట్‌లో అధికంగా ఉన్న ఫినైల్ ఇథైల్ ఆల్కహాలు బలం తక్కువదైనా, దాని రాశి వలన పరిమళానికి ఒక నిండుదనం, నిలకడ కలుగుతాయి.

ఎంపిక ఎట్లా?

ఇంత తెలిసిన తరువాత మొదటి ప్రశ్న రూపం మారుతుంది. "ఏది అసలైనది?" అని అడగడానికి బదులు "ఏ పనికి ఏది తగినది?" అని అడగవలసి ఉంటుంది. పరిమళం నాసికకు తాకిన తొలి క్షణంలో చురుకుగా, ప్రకాశవంతంగా ఉండవలెనంటే ఆవిరి తైలం తగినది. దాని రంగు లేతది గనుక వస్త్రానికి మరక భయం తక్కువ. ద్రావణి శేషం ఉండదు గనుక తినుబండారాలకు కూడ పనికివస్తుంది. గంటల తరబడి నిలిచే వెచ్చని పూలవాసన కావలెనంటే అబ్సల్యూట్ తగినది. 1921లో ఎర్నెస్ట్ బో కూర్చిన "షనెల్ నంబర్ 5" అనే ప్రసిద్ధ పరిమళంలో గ్రాస్ ప్రాంతపు మే గులాబికి, మల్లెకు ముఖ్యస్థానం ఇవ్వడం ఇందుకు నిదర్శనం. పరిమళ నిపుణులు అనేక సందర్భాలలో రెండింటినీ ఒకే మిశ్రమంలో కలుపుతారు. నీరు విడదీసిన దానిని వారు మళ్ళీ ఒకచోట చేర్చుతున్నారని చెప్పవచ్చు.

ఉపాధ్యాయులు ఈ భేదాన్ని తరగతిలో సులభంగా చూపవచ్చు. మంచి వాసన గల నాటు గులాబి రేకులను రెండు సమభాగాలు చేయవలె. ఒక భాగాన్ని నీటితో కుప్పెలో కాచి, ఆవిరిని చల్లబరచి పట్టుకోవలె. రెండవ భాగాన్ని గోరువెచ్చని నువ్వుల నూనెలో ఒక పూట నానబెట్టి వడపోయవలె. హెక్సేను వంటి మండే ద్రావణులను తరగతిలో వాడరాదు. రెండింటినీ వేరువేరు కాగితపు ముక్కలపై వేసి, వెంటనే ఒకసారి, గంట తరువాత ఒకసారి, మరునాడు ఒకసారి వాసన చూచి, ఎవరికి తోచినది వారు ఇతరులతో మాట్లాడకుండ వ్రాసుకోవలె. తరువాత పట్టికలను సరిపోల్చితే, రెండు వాసనల భేదంతో పాటు ముక్కుకు, ముక్కుకు గల భేదం కూడ తెలుస్తుంది.

ఈ రెండు పద్ధతులూ నేటికీ సజీవంగా ఉన్నాయి. 2014లో బల్గేరియా గులాబి తైలానికి ఐరోపా సమాఖ్య భౌగోళిక రక్షణ కల్పించింది. 2018లో గ్రాస్ ప్రాంతపు పరిమళ విద్యను యునెస్కో మానవజాతి వారసత్వ సంపదలలో చేర్చింది. మన దేశంలో పాలంపూర్‌లోని హిమాలయ జీవవనరుల సాంకేతిక సంస్థ జ్వాల, హిమ్‌రోజ్ అనే డమాస్క్ గులాబి రకాలను రూపొందించి కొండప్రాంతపు రైతులకు అందజేసింది. నాలుగు వేల కిలోగ్రాముల పువ్వు కోసి ఒక్క కిలోగ్రాము నూనె చూచే రైతుకు, బట్టీలో మిగిలే నీటి విలువ చిన్నది కాదు. పన్నీటిని విడిగా అమ్ముకోవడం, దానిలో కరిగిన పరిమళాన్ని తిరిగి రాబట్టడం నేటి పరిశ్రమ శ్రద్ధ వహిస్తున్న పనులు. పళ్ళెంపై తేలిన తెట్టును చూచిన కన్ను ఎంత గొప్పదో, పళ్ళెం అడుగున మిగిలినదేమిటని అడిగిన బుద్ధి కూడ అంత గొప్పదే.